తిండి మనదే

గల్ఫులో, దోహాలో పనికని ఏజెంటు పంపిన కాగితంలో జీతం ఎంతో రాసి ఉంది, ఉండటానికి గది ఇస్తామని ఉంది, రెండేళ్ళకు తిరుగు టిక్కెట్టు ఇస్తామని ఉంది. అన్నిటికంటే కింద, భోజనం ఖర్చు ఎవరిది వారే పెట్టుకోవాలని ఉంది. పోస్టుమాస్టరు ఆ ఇంగ్లీషంతా చదివి తెలుగులో చెబుతూ చివరికొచ్చేసరికి, "తిండి మనదేనంటయ్యా మౌలాలీ" అని తేల్చేశాడు. ఇంట్లోవాళ్ళంతా జీతం దగ్గరే ఆగిపోయి సంబరపడుతున్నారు. నాకు మాత్రం ఆ చివరి ముక్క దగ్గర గుండె జారింది.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నేను నరసరావుపేటలో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్ని. ఎంత ఎత్తున వేలాడుతూ అతుకు వెయ్యమన్నా వేస్తాను. కానీ పుట్టి ఇరవై నాలుగేళ్ళయినా ఒక్క పూట కూడా ఒంటరిగా కూర్చుని అన్నం తినలేదు. ఉల్లిపాయల ధర నాకు తెలియదు. సాయంత్రం కూలి డబ్బు అక్క చేతిలో పెడతాను, పళ్ళెం నా ముందుకు వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఏం జరుగుతుందో ఎన్నడూ ఆలోచించిన పాపాన పోలేదు. అలాంటివాణ్ణి దోహాలో వదిలేస్తే తినడం చేతగాక అక్కడే పోతానేమోనని ఒక భయం. జీతమంతా తినేసి ఇంటికి ఏమీ పంపలేనేమోనని ఇంకో భయం. రెండూ ఒకేసారి పట్టుకున్నాయి.

పంపకపోతే ఏమవుతుందో రోజూ కళ్ళ ముందే కనబడుతోంది. మా నాయన ఖాసిం దూదేకి పరుపులు కుడతాడు. విల్లు పైనుంచి వేలాడదీసి, నారిని కొయ్యతో కొడుతూ రోజంతా దూదిలో కూర్చుంటాడు. ఆ దూది నలభై ఏళ్ళుగా ఆయన ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంది. దగ్గు మొదలైతే గోడ పట్టుకుని నిలబడాల్సిందే. పెద్దాసుపత్రి డాక్టరు, "మందులు సరే, ముందు ఆ పని మానెయ్. మానకపోతే మందులు దండగ" అన్నాడు. నాయన మానితే ఇల్లు నడవదు. నా ఒక్కడి కూలి మందులకే చాలదు. అందుకే దోహా.

మా అక్క హజ్రా బీ మొగుడు పోయాక ఇద్దరు పిల్లలతో మా ఇంటికి వచ్చేసింది. అమ్మ పోయాక ఇంటి పెత్తనం ఆమెదే. నా ముఖం చూసి భయం పసిగట్టింది. భయం పోగొట్టడానికి ధైర్యం చెప్పే మనిషి కాదు, లెక్క వేసే మనిషి. మా వీధిలో దోహా చూసొచ్చినవాడు ఖాజా మొహిద్దీన్ మామ ఒక్కడే. మామంటే మా చుట్టమేమీ కాదు, వీధికంతా మామే. అరచేయంత వెడల్పు పట్టీ గడియారం, అత్తరు, టేప్ రికార్డరుతో వచ్చి, అరుగు మీద కూర్చుని అక్కడి కబుర్లు చెబుతుండేవాడు. అక్క ఆయన్ను పిలిపించింది.

"వాళ్ళ రియాళ్ళల్లో చెప్పమాక మామా, ఆ లెక్క నాకు తెలవదు. అక్కడ నీ ఒక రోజు తిండి డబ్బులతో బియ్యం కొంటే ఎన్ని సోలలొచ్చేయో అది చెప్పు" అంది.

మామ కాసేపు వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. "జీతంలో నాలుగో వంతు నాకు, మూడొంతులు ఇంటికి. నాలుగో వంతుతో దర్జాగా బతికా" అన్నాడు.

అక్క ఆ సోలల లెక్కను మా ఊరి బియ్యం ధరకు తిప్పింది. నెలకు ఇంత అని తేలింది. ఆ డబ్బును ఒక డబ్బాలో పోసి నా ముందు పెట్టింది.

"ఇది తీసుకోని రెంటచింతల పో" అంది.

"అక్కడెవరున్నారు మనకి?"

"ఎవరూ లేరు గనకే పొమ్మంటున్నా. దోహాలో ఎండలు మండుతయ్యంట. ఈ చుట్టుపక్కల రెంటచింతలని మించిన ఎండ యాడుంది? నెలపాటు అక్కడొక గది తీసుకోని పనిచేస్కో. నీ కూలి డబ్బులు వేరే మూట కట్టు, అది ఇంటికి పంపేదనుకో, ముట్టుకోబాక. ఈ డబ్బాలో ఉన్నదాంతోనే తిను. ఎవరింటికీ పోబాక, మధ్యలో ఇంటికి రాబాక. ఈ నెల బతికావా, దోహాలోనూ బతుకుతావు."

ఇలాంటి ఆలోచన ఇంకెక్కడైనా ఎవరికైనా వస్తుందా? పరీక్ష రాసే ముందు ఇంట్లో ఒకసారి రాసి చూసుకున్నట్టు, నన్ను పరదేశానికి పంపే ముందు మాచర్ల బస్సెక్కించి రెంటచింతల పంపింది మా అక్క.

అక్కడ చర్చి వెనక వీధిలో రేకుల కప్పున్న గది దొరికింది. ట్రాక్టరు ట్రక్కులు వెల్డింగు చేసే షెడ్డులో పని దొరికింది. తిండే దొరకలేదు. దొరకలేదంటే, వండటం చేతకాలేదు. కిరసనాయిలు స్టవ్ కొని పంపు కొట్టి వెలిగిస్తే అన్నం అడుగంటింది, పైన పలుకు మిగిలింది. విసుగొచ్చి హోటల్లో తిన్నాను. రెండో రోజూ హోటలే. మూడో రోజు డబ్బా మూత తీసి చూస్తే చెమటలు పట్టాయి. ఆ ఊరి ఎండకు పట్టే చెమట వేరు, ఆ చెమట వేరు.

అప్పటినుంచి రూపాయి తీసినా మళ్ళీ డబ్బాలోనే వేసేవాణ్ణి. షెడ్డులో అందరూ చెరుకురసం తాగుతుంటే నేను కుండలో నీళ్ళు తాగేవాణ్ణి. కూరగాయలమ్మే ఆమె బండి ముందు నిలబడి, దేనికెంతో అడిగి, ఏమీ కొనకుండా వచ్చేసేవాణ్ణి. డబ్బు ఖర్చయిపోతోందనే భయం ఒకటే కాదు. సాయంత్రం ఆ గదిలో నా పళ్ళెం ముందు నేనొక్కణ్ణే కూర్చున్నప్పుడు, ముద్ద నమిలే చప్పుడు నాకే వినబడేది. ఇంట్లో ఎప్పుడూ ఆ చప్పుడు వినలేదు. పిల్లల గొడవ, అక్క అరుపులు, నాయన దగ్గు, వీటి మధ్య తిన్నవాణ్ణి. రెండేళ్ళు ఇలాగే తినాలని తలచుకుని పళ్ళెం పక్కకు నెట్టేసేవాణ్ణి. చివరికి ఒక ఉపాయం కనిపెట్టాను. రాత్రి అన్నం మానేశాను. డబ్బుకు డబ్బు మిగిలింది, ఆ చప్పుడు వినే బాధా తప్పింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఎక్కువ రోజులు సాగలేదు. ఒక మధ్యాహ్నం షెడ్డు నుంచి గదికి వస్తుంటే కళ్ళు చీకట్లు కమ్మాయి. తలుపు గడియ వేసుకుని నేల మీద పడ్డానని మాత్రం గుర్తుంది. నాలుక పిడచకట్టింది. కుండ రెండడుగుల దూరంలో ఉంది, చెయ్యి లేవలేదు. పైన రేకులు ఎండకు టప్ టప్ మంటున్నాయి. అప్పుడు వేసిన భయం లాంటిది నా జన్మలో ఎరగను. చచ్చిపోతానని కాదు. నేనిక్కడ చచ్చిపోయానని ఎవరికీ తెలియదే అని. నెల అయ్యేదాకా రావద్దంది అక్క. నెల అయ్యేదాకా ఎవరూ వెతకరు.

ఎంతసేపయిందో, తలుపు దబదబా మోగింది. "అబ్బాయ్! ఏందిరా, పొద్దున్నుంచీ నీ స్టవ్ చప్పుడు లేదు! ఉన్నావా, పోయావా?" అని ఆడగొంతు. పక్కింటి శౌరమ్మ. అప్పటిదాకా ఆమెను గోడ మీదుగా చూడటమే తప్ప పలకరించింది లేదు. గడియ తీసే ఓపిక నాకు లేదు. ఆమె గొడవ చేసి మనుషుల్ని పిలిచి తలుపు ఊడదీయించింది. తడిగుడ్డ చుట్టి, ఉప్పేసిన మజ్జిగ చెంబుడు తాగించింది.

"వడదెబ్బ సగం, ఆకలి సగం" అని తేల్చేసింది. "ఏమన్నా తిన్నావా అసలు?"

"డబ్బులు..." అన్నాను.

"ఒరేయ్, మజ్జిగకి డబ్బులేందిరా? నీకు మతిగానీ పోయిందా?" అని మొట్టికాయ వేసినంత పని చేసింది.

ఆ రోజు నుంచి గోడ మీద మధ్యాహ్నం ఒక చెంబు, సాయంత్రం ఒక గిన్నె వచ్చేవి. జొన్నన్నం, గోంగూర పచ్చడి, పప్పు, ఏదో ఒకటి. నేను కుదరదంటే, "నువ్వు తినకపోతే గేదెకి పోస్తా, ఇష్టం" అనేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాళ్ళింట్లో కోడికూర. ఆ రోజు మాత్రం నా గిన్నెలో కోడిగుడ్లు ఉండేవి. "కోడిని మీరు కోసే తీరు వేరంటగా, మా పెద్దాయన చెప్పాడు. అందుకని నీకు గుడ్లు" అంది. ఆమె భర్త, ఆ పెద్దాయన, వచ్చి నా గది గడప మీద కూర్చుని నేను తినేదాకా మిరప తోట సంగతులు చెప్పేవాడు, నేను మా ఇంటి సంగతీ దోహా సంగతీ చెప్పేవాణ్ణి. ముద్ద చప్పుడు వినబడటం మానేసింది. షెడ్డులో వాళ్ళు కూడా, నేను పడిపోయిన సంగతి తెలిశాక, చెరుకురసం గ్లాసు నా చేతిలో పెట్టకుండా ఊరుకునేవాళ్ళు కాదు. అక్క ఎవరింటికీ పోవద్దంది. నేను పోలేదు. వాళ్ళే వచ్చారు. వాళ్ళను రావద్దనడానికి నాకు నోరు రాలేదు.

నెల తిరిగేసరికి డబ్బాలో ఇంకా డబ్బు మిగిలింది.

ఇంటికి రాగానే అక్క ముందు డబ్బా అడిగింది. మూత తీసి, నేల మీద పోసి, ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. మా అక్క ముఖంలో అంత సంతోషం ఆమె పెళ్ళినాడు చూశాను, మళ్ళీ ఆనాడు చూశాను. "నాయనా! వీడు గట్టోడే! మూడొంతులేందీ, ఇంకా ఎక్కువే పంపుతాడు!" అని అరిచింది.

చెప్పబోయాను. నిజంగానే చెప్పబోయాను. ఈలోపు నాయన లేచాడు. విల్లు తాళ్ళు విప్పాడు. నారి వదులు చేశాడు. గుడ్డతో తుడిచి, గోడకున్న రెండు మేకుల మీద ఎత్తి పెట్టాడు. దూది మూట ఎవరిదో వాళ్ళకు తిరిగి పంపించేశాడు. చేతులు కడుక్కొచ్చి మంచం మీద కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, ఖాళీ చేతులు చూసుకుంటూ, "ఇట్టా ఉంటుద్దన్నమాట" అన్నాడు. ఆ మాట విన్నాక నా నోరు మూతపడింది.

ఆ తర్వాత రోజులు నాకు నరకం. ఏజెంటుకు సరేనని కబురు వెళ్ళింది. నెలకు ఎంత పంపుతానో అక్క వీధంతా చెప్పేసింది. మందులు తెప్పించింది. నాయన దగ్గు కొంచెం నెమ్మదించింది, లేదా నెమ్మదించిందని మేమే అనుకున్నాం. నాకు అన్నం సహించేది కాదు. దోహాలో నా గది పక్కన శౌరమ్మ ఉంటుందా? నేను పడిపోతే తలుపెవరు కొడతారు? చెప్పినంత పంపాలంటే రాత్రి తిండి మానాలి. మానితే పడిపోతాను. మానకపోతే నాయన మందులు ఆగిపోతాయి, విల్లు మళ్ళీ కిందికి దిగుతుంది. ఎటు తిప్పినా అక్కడికే వచ్చి ఆగేది లెక్క. చెబితే ఇప్పుడే దిగుతుంది. చెప్పకపోతే నేను దేశం కాని దేశంలో ఉండగా దిగుతుంది.

ప్రయాణానికి ముందు ఒక రోజు మాచర్ల బస్సు కండక్టరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఒక జాడీ ఇచ్చాడు. మూతకు గుడ్డ కట్టి ఉంది. "రెంటచింతల శౌరమ్మ పంపింది. పరదేశం పోయే పిల్లోడికి ఆవకాయ. మజ్జిగ లేకపోయినా దీంతో నాలుగు ముద్దలు దిగుతయ్యని చెప్పమంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పుడు ఖాజా మొహిద్దీన్ మామ కూడా మా అరుగు మీదే ఉన్నాడు. టేప్ రికార్డరు పాడుతోంది.

"ఎవరీ శౌరమ్మ?" అంది అక్క.

గది అద్దెకిచ్చినావిడ అని చెప్పేస్తే సరిపోయేది. మాట నాలుక చివర్న ఉంది. నాయన మంచం మీద కూర్చుని నావైపు చూస్తున్నాడు. ఆ ఖాళీ చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"డబ్బాలో డబ్బు మిగిల్చింది నేను కాదక్కా. ఆమె" అన్నాను.

మొత్తం చెప్పాను. రాత్రి తిండి మానటం, పడిపోవటం, చెంబు, గిన్నె, కోడిగుడ్లు, చెరుకురసం. "నాకు భయంగా ఉందక్కా. చానా భయంగా ఉంది. అక్కడ ఎవరూ తలుపు కొట్టరేమోనని భయంగా ఉంది" అని కూడా అనేశాను. అంత పెద్దవాణ్ణి, పిల్లల ముందు.

అక్క కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. నేల మీద కూర్చుండిపోయి, జాడీ దగ్గరికి లాక్కుని, మామ వైపు తిరిగింది. "మామా, అక్కడ నీకు మజ్జిగ ఎవరు పోసేవోళ్ళు?"

మామ టేప్ రికార్డరు ఆపేశాడు. ఆయన తనంతట తాను ఆ పెట్టె ఆపడం నేను చూడటం అదే మొదలు.

"ఎవరు పోస్తారమ్మా" అన్నాడు. చేతి గడియారం తిప్పుకుంటూ కూర్చున్నాడు. "మీ వోడు కనిపెట్టిన ఉపాయమే నేనూ కనిపెట్టా. రాత్రి కూడు మానేశా. వాడు నాలుగు రోజులు మానాడు, నేను రెండేళ్ళు మానా. ఒకసారి జరమొచ్చి గదిలో పడ్డా. తలుపు కొట్టినోడు లేడు. జరమే తగ్గింది, నేనే లేచా, పనికి పోయా."

"దర్జాగా బతికానంటివి గదా మామా!"

"ఇంటికొచ్చి ఇంకేం చెప్పమంటావు హజ్రా? మా ఆవిడకే చెప్పలా."

"ఆ నాలుగో వంతు లెక్కతోనే గదా నేను వీణ్ణి పంపిస్తున్నది!" అని అరిచింది అక్క. అరుగు మీదుండే ఆ మనిషిని అన్నాళ్ళూ గొప్పలు చెప్పుకునేవాడని లోపల తిట్టుకున్నాను. ఆయన నిండా ఉన్నది ఆకలేనని అప్పుడు తెలిసింది.

నాయన లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ ఎత్తి, మేకుల మీదనుంచి విల్లు దించాడు.

"నాయనా, వద్దు!" అని అక్క అడ్డం వెళ్ళింది.

"పక్కకి జరుగు. ఒరేయ్ మౌలాలీ, పంపేది తగ్గించుకో. తినేది తగ్గించబాక. రాత్రి కూడు మానావని తెలిసిందా, నేనే అక్కడికొచ్చి కొడతా."

"నేను పోను నాయనా" అన్నాను. "ఇక్కడే ఉంటా. ఎట్టాగో బతుకుదాం."

"ఎట్టాగో ఇన్నాళ్ళు బతికాంగా, చూశాంగా" అన్నాడు. "నువ్వు పంపిన దాంతో వారంలో సగం రోజులు మానేస్తా. సగం రోజులు ఏకుతా. నన్ను పూర్తిగా మాన్పించడానికి నువ్వు అన్నం మానాలంటే, ఆ మానడం నాకొద్దు."

"మరి నీ దగ్గు?"

"దగ్గు నాకు అలవాటే. ఆకలి నీకు అలవాటు లేదు."

ఆయన కూర్చుని నారి బిగించుకోవడం మొదలుపెట్టాడు. కాసేపటికి అక్క సోల తెచ్చుకుని, బియ్యం ముందేసుకుని మళ్ళీ లెక్కకు కూర్చుంది. పొద్దున్నకింత, రాత్రికింత అని విడివిడిగా కుప్పలు పోసింది. ఒంట్లో బాగాలేని రోజులకని ఒక కుప్ప. పక్కన ఇంకో చిన్న కుప్ప పోసింది.

"అదేంది?" అన్నాను.

"పక్కగదిలో వాడెవడో పడిపోతే నువ్వు పొయ్యాల్సిన మజ్జిగ" అంది. నేల మీద మిగిలిన బియ్యం, అంటే ఇంటికి వచ్చే వాటా, ముందుకంటే చాలా తగ్గిపోయింది. అక్క ముఖం కూడా తగ్గిపోయింది. కానీ ఈసారి రెండోసారి లెక్కపెట్టలేదు.

బయలుదేరే రోజు పొద్దున్నే పెట్టెలో ఆవకాయ జాడీని బట్టల మధ్య సర్దుతూ, "అక్కడ దిగంగానే బియ్యం కొనబాక. ముందు నీ స్టవ్ చప్పుడు ఆగితే తలుపు కొట్టేవోణ్ణి ఒకణ్ణి చూసుకో. వాడి చప్పుడు నువ్వు విను. తర్వాతే బియ్యం" అంది. ఏడవకూడదని ముఖం గట్టిగా పెట్టుకుంది. నేను అలా పెట్టుకోలేకపోయాను.

నాయన బస్టాండుకు రాలేదు. ఎవరిదో పెళ్ళి పరుపు సాయంత్రానికల్లా ఇవ్వాలట. గడప దగ్గర నా భుజం తట్టి వెళ్ళి దూదిలో కూర్చున్నాడు. నేను పెట్టె పట్టుకుని వీధిలోకి దిగేసరికి వెనక నుంచి విల్లు చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఆపాలనే నేను బయలుదేరింది. అది ఆగిపోతే చాలని ఎన్ని ఏళ్ళుగా అనుకున్నానో. వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి అది నిజంగానే ఆగింది. దగ్గు వచ్చి ఆగిందో, నన్ను చూడటానికి లేస్తే ఆగిందో తెలియలేదు. పెట్టె కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, వింటూ నిలబడ్డాను. మళ్ళీ మోగేదాకా నా కాళ్ళు కదల్లేదు.